చేతులు మారే ఉయ్యాల

మన ఇళ్ళలో చంటిపిల్లల సామాను కొత్తది కొనడం తక్కువ, అడిగి తెచ్చుకోవడం ఎక్కువ. కోడలికి ఏడో నెల రాగానే "మీ చిన్నాడు పెద్దాడైపోయాడు కదా వదినా, ఆ స్ప్రింగు ఉయ్యాల ఖాళీగానే వుందా?" అని కబురు పెడతాం. ఆవిడ అటక మీంచి దింపించి, దులిపి పంపిస్తుంది. కొంచెం దూరపు వాళ్ళయితే అయిదొందలో ఆరొందలో చేతిలో పెడతాం. నర్సీపట్నం లాంటి వూళ్ళో ఒకే ఉయ్యాల ఒక వీధిలో నాలుగిళ్ళు తిరిగి, ఆఖరికి చింతపల్లి చుట్టాలతో బస్సెక్కి కొండ మీదికి వెళ్ళిపోయిందంటే వింతేమీ లేదు. ఇందులో తప్పు లేదు, నామోషీ అంతకన్నా లేదు. పుట్టిన బిడ్డ ఒంటికి మొదట చుట్టేది పాత మెత్తని గుడ్డే కదా! నలుగురు పిల్లలు పెరిగిన ఉయ్యాల కలిసొచ్చిన ఉయ్యాల అనుకుంటాం. ఏడాది తిరక్కుండా మూలపడే వస్తువుకి వేలు పొయ్యడం మాత్రం ఎందుకు?

అయితే ఇందులో ఒక చిక్కుంది. సంతలో వంకాయలు కొనేటప్పుడు పుచ్చులున్నాయేమోనని తిప్పి తిప్పి చూసే మనం, వదిన ఇచ్చిన ఉయ్యాలని తిప్పి చూడం. చూస్తే ఆవిడేమనుకుంటుందోనని మొహమాటం. ఇచ్చేవాళ్ళకీ మొహమాటమే. "ఎడమవైపు కొక్కెం ఒకసారి వూడింది, జాగ్రత్త" అంటే పాడు సామాను అంటగట్టారనుకుంటారేమోనని నోరు మెదపరు. ఆ ఒక్క మాట ఇద్దరి మధ్యా అలాగే వుండిపోతుంది. అసలు ప్రమాదం ఎక్కువగా అక్కడే పొంచి వుంటుందని నా అభిప్రాయం.

ఇది మన వూళ్ళ గొడవ మాత్రమే అనుకోకండి. అమెరికాలో ఫిషర్ ప్రైస్ అనే పేరున్న కంపెనీ 'రాక్ ఎన్ ప్లే' అని, పసిపిల్లల్ని ఏటవాలుగా పడుకోబెట్టే ఒక ఊగే పడక అమ్మేది. అందులో పడుకున్న పిల్లలు కొందరు ప్రాణాలు పోగొట్టుకోవడంతో 2019 ఏప్రిల్‌లో సుమారు 47 లక్షల పడకల్ని వెనక్కి పిలిచారు. కొట్లలోంచి తీసేశారు, పత్రికల్లో వచ్చింది, టీవీల్లో చెప్పారు. అయినా 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ అదే ప్రకటన మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. అప్పటికి ఆ పడకల్లో చనిపోయినట్లు తెలిసినవారు సుమారు వందమంది పిల్లలు. వారిలో కనీసం ఎనిమిదిమంది, మొదటి ప్రకటన వెలువడిన తర్వాత పోయినవారు! అన్నీ చెప్పాక కూడా ఎలా జరిగిందంటారా? కొట్లో వున్న సామానుని వెనక్కి తీసుకోవచ్చు గాని, ఇళ్ళలో వున్న సామాను ఇళ్ళలోనే వుండిపోతుంది. అక్కణ్ణించి చేతులు మారితే వస్తువు వెళుతుంది గాని, దానిమీద వచ్చిన వార్త దాంతోపాటు వెళ్ళదు.

కూతురి పురిటికని ఆరేసి నెలలు అమెరికా వెళ్ళి వచ్చే తల్లులు ఇప్పుడు మనలో తక్కువేం లేరు కాబట్టి ఇంకో రెండు మాటలు. అక్కడ శని, ఆదివారాల్లో ఇళ్ళ ముందు పాత సామాను పరిచి చవగ్గా అమ్ముతారు. పిల్లల మంచం కనిపిస్తే పక్క కమ్మీ కిందికీ పైకీ జారేదేమో చూడండి. అలాంటి మంచాలు తయారు చెయ్యడాన్నీ, అమ్మడాన్నీ 2011 జూన్ 28 నుంచి అక్కడ నిషేధించారు. జారే పలక పట్టు తప్పితే, ఆ సందులో బిడ్డ ఇరుక్కుపోతుంది. కారులో బిడ్డను కూర్చోబెట్టే సీటు మీద ఎప్పటిదాకా వాడొచ్చో తేదీ అచ్చువేసి వుంటుంది. ఆ తేదీ దాటినా, అది ఏదైనా ప్రమాదంలో వున్నదో లేదో అమ్మేవాళ్ళు చెప్పలేకపోయినా, ఉచితంగా ఇచ్చినా వద్దు. అసలు ఏది కొన్నా ముందు దాని మోడల్ నంబరు వెనక్కి పిలిచిన వస్తువుల జాబితాలో వుందేమో అమ్మాయిచేత చూపించుకోండి. అయిదు నిమిషాల పని.

ఇక మన ఇంటి సంగతికొద్దాం. స్ప్రింగు ఉయ్యాలతోనే మొదలుపెడతాను, ఎక్కువగా చేతులు మారేది అదే కాబట్టి.

స్ప్రింగు అనేది సాగుతూ ముడుచుకుంటూ అలిసిపోయే వస్తువు. ఒక బిడ్డను ఏడాది ఊపి, రెండు వానాకాలాలు అటక మీద పడుంటే పైకి నిగనిగలాడుతున్నా చుట్టల మధ్య తుప్పు పడుతుంది. ఖాళీ ఉయ్యాల తగిలించి చూడండి. చుట్టలు ఒకదానికొకటి ఆనకుండా అక్కడక్కడా ఎడంగా కనిపిస్తే ఆ స్ప్రింగు పని అయిపోయినట్లే. కొత్త స్ప్రింగు పెద్ద ఖరీదేమీ కాదు, నా మాట విని పాతది పారేసి కొత్తదే వేయించండి. కొక్కేల నోళ్ళు తెరుచుకున్నాయేమో చూడండి. పైన కొక్కెం నుంచి కింద ఉయ్యాల దాకా, స్ప్రింగుకు పక్కనే, ఒక గట్టి తాడో గొలుసో కాస్త వదులుగా కట్టి వుంచితే, స్ప్రింగు తెగినా ఉయ్యాల నేలకు కొట్టుకోకుండా ఆ తాడు పట్టుకుంటుంది. ఇనప చట్రానికి మొత్తమంతా పాత రంగే వుండి, ఒక్క అతుకు దగ్గర మాత్రం కొత్త రంగు కనిపిస్తే, అక్కడ ఎప్పుడో విరిగిందని అర్థం. దాన్ని గురించి అడిగి తీరాలి. కాళ్ళకు రబ్బరు తొడుగులు నాలుగూ వుండాలి. ఇవన్నీ చూశాక, బిడ్డను వెయ్యకముందు ఒక ఇరవై కిలోల బియ్యం బస్తా వేసి రాత్రంతా వుంచండి. తెల్లారాక కొక్కేలూ, అతుకులూ మళ్ళీ చూడండి. "ఖాళీ ఉయ్యాల ఊపకూడదు" అంటారు కదా పెద్దలు, బియ్యంతో ఊపితే ఎవరికీ అభ్యంతరం వుండదు!

గుడ్డ విషయంలో మనం ఒక పొరపాటు పడుతూ వుంటాం. మెత్తగా వుంటుందని ఉయ్యాలకు కూడా పాత చీరే కడతాం. చీర మెత్తబడిందంటే నేత బలం తగ్గిందన్నమాట. ఒంటికి చుట్టే గుడ్డ పాతదైతే మంచిదే గాని, బరువు మోసే గుడ్డ పాతది కాకూడదు. వెలుతురుకి పట్టి చూడండి, దారాలు ఎక్కడ పలచబడ్డాయో తెలిసిపోతుంది. గుడ్డ లోతుగా దిగబడకూడదు. దిగబడితే బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి సరిగా ఆడదు. ఇందాక చెప్పిన అమెరికా పడకలతో వచ్చిన చిక్కుల్లో ఇదీ ఒకటి. కాసేపు ఊపి నిద్రపుచ్చాక, చదునుగా గట్టిగా వుండే పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం. బిడ్డ బోర్లాపడడం మొదలుపెట్టిందంటే ఆ ఉయ్యాలకు సెలవు. ఇక ఉయ్యాల వాడకం లేనప్పుడు చీర విప్పి పైన పెట్టెయ్యండి. పెద్ద పిల్లలు అందులో కూర్చుని గిరగిరా తిరిగితే మెలికపడి మెడకు బిగుసుకుంటుంది. ఇలాంటి వార్తలు మన పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదూ!

చెక్క మంచమైతే టేపు పట్టుకు వెళ్ళండి. చువ్వకీ చువ్వకీ మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. ఎందుకంటే పసిబిడ్డ శరీరం కంటే తల పెద్దది. కాళ్ళు ముందు దూరి, ఒళ్ళు జారి, తల మాత్రం చువ్వల మధ్య వుండిపోతుంది. టేపు లేకపోతే మామూలు కూల్‌డ్రింకు డబ్బా పెట్టి చూడండి. అది దూరితే ఆ మంచం వద్దు. మూలల్లో కోళ్ళు పైకి పొడుచుకుని వుంటే కోయించెయ్యాలి. బిడ్డ మెడలో తాయెత్తు తాడు గాని, దిష్టితాడు గాని వుంటే అలాంటి కోడుకు తగులుకుంటుంది. మొలతాడుతో ఇబ్బంది లేదు గాని, మెడలో తాడు మాత్రం పడుకోబెట్టేటప్పుడు తీసెయ్యమనే చెబుతాను, అత్తగార్లు కోప్పడినా సరే. పాత పరుపు మధ్యలో గుంటపడి వుంటే తీసుకోకండి. తరతరాలుగా వస్తున్న ఆవాల దిండు కూడా, పోలికలకేం గాని, పడుకున్న బిడ్డ తలకింద వద్దు.

ఇప్పుడు రంగుల సంగతి. పూర్వం నూనె రంగుల్లో సీసం విరివిగా కలిపేవారు. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదని 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకు ముందు రంగువేసిన మంచంలోగాని, కుర్చీలోగాని ఏ రంగు వుందో ఎవరూ చెప్పలేరు. పళ్ళు వచ్చే బిడ్డ మంచం కమ్మీనే కొరుకుతుంది. సీసం కడుపులోకి వెళితే పైకి ఏమీ తెలియదు గాని, ఎదిగే మెదడు మీద దెబ్బ తీస్తుంది. రంగు పెచ్చులూడుతుంటే గరుకు కాగితంతో గీకి కొత్త రంగు వేసేద్దాం అనుకుంటారు కొందరు. ఆ దుమ్ము పెచ్చులకంటే చెడ్డది. అలాంటి వస్తువు వద్దనుకోవడమే సులువు.

బొమ్మల దగ్గరకొచ్చేసరికి మనకు పక్కనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వుంది కాబట్టి వివరంగా చెప్పుకోవాలి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, ఆ వేడికి కరిగే లక్కతో రంగులద్దడం అక్కడి పని. మధ్యలో కొంతకాలం రసాయనపు రంగులు చొరబడ్డాయి. తర్వాత సి. వి. రాజు గారూ, అక్కడి పనివారూ కలిసి గింజలూ, బెరళ్ళూ, వేళ్ళూ, ఆకుల నుంచి తీసిన రంగుల్ని తిరిగి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. మంచిదే. అయితే మీ అమ్మగారి కాలం నాటి లక్కపిడతలు ఏ రంగువో చూపుకు తెలియదు. అవి అద్దాల బీరువాలో ముచ్చటగా వుంటాయి, అక్కడే వుండనివ్వండి. నోట్లో పెట్టుకునే గిలక మాత్రం ఎక్కడ, ఎప్పుడు చేసిందో తెలిసినదే ఇవ్వండి. మూడు సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పున్న గొట్టంలో దూరిపోయేది ఏదైనా సరే మూడేళ్ళలోపు పిల్లలకు వద్దు. గొంతుకు అడ్డం పడుతుంది.

2021 జనవరి నుంచి కొట్లో అమ్మే బొమ్మల మీద ఐఎస్ఐ ముద్ర వుండాలని నియమం వచ్చింది. భౌగోళిక గుర్తింపు వున్న చేతిపని బొమ్మలకు ఆ ముద్ర అక్కర్లేదు, కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద లేదని సందేహించకండి. ప్లాస్టిక్ బొమ్మ మీద లేకపోతే మాత్రం సందేహించాల్సిందే. పాటలు పాడే పాత బొమ్మ ఎవరైనా ఇస్తే వెంటనే వెనక్కి తిప్పి బ్యాటరీ మూత చూడండి. చొక్కా గుండీలా వుండే బ్యాటరీ వుండి, మూతకు స్క్రూ లేకపోతే ఆ బ్యాటరీ తీసిపారెయ్యండి. బొమ్మ పాడకపోతే పోయె. ఆ గుండీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించడాలూ, అరటిపండు తినిపించడాలూ మాని వెంటనే ఏరియా ఆసుపత్రికి పరిగెత్తాలి. అక్కడ విశాఖపట్నం తీసుకెళ్ళమంటే ఆలస్యం చెయ్యకూడదు.

వాకర్ గురించి నేను మొహమాటం లేకుండా చెబుతాను: పాతదీ వద్దు, కొత్తదీ వద్దు. చక్రాల మీద కూర్చున్న బిడ్డ మనం లేచేలోపల గడప దాటి వీధిమెట్ల మీంచి పడుతుంది, లేదా పొయ్యిగట్టు దగ్గరికి చేరుతుంది. నడక త్వరగా వస్తుందనేది భ్రమ. కెనడాలో 2004లో వాకర్లను పూర్తిగా నిషేధించారు. వాడినవి ఇంకొకరికి అమ్మడం కూడా అక్కడ నేరమే. మన మూడు చక్రాల చెక్కబండి వేరు, అందులో బిడ్డ తన కాళ్ళమీద తాను నిలబడి తోస్తుంది. చక్రాల సీలలు బిగువుగా వున్నాయా, మేకులు పొడుచుకొచ్చాయా చూసుకుంటే చాలు.

పాలసీసాలూ, పాలపీకలూ ఒకరివి ఒకరు ఇచ్చిపుచ్చుకోవద్దు. అమ్మమ్మ నాటి వెండి ఉగ్గుగిన్నెకు మాత్రం ఏ దోషమూ లేదు, మరిగే నీళ్ళలో వేసి తీస్తే సరి. మోటారు సైకిలు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రక్షణ పట్టీ, హెల్మెట్ వుండాలని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన వుంది. ఆ పట్టీ వాడినది తీసుకుంటే కుట్లు లాగి చూడండి. పడిన హెల్మెట్ అయితే వద్దు.

ఇక ఇచ్చేవాళ్ళకూ, అమ్మేవాళ్ళకూ. మొహమాటానికి మందు మీ చేతిలోనే వుంది. అవతలివాళ్ళు అడిగేదాకా ఆగకుండా, సామానుతోపాటు ఒక చీటీ రాసి పెట్టండి. ఏ సంవత్సరం కొన్నది, ఎంతమంది పిల్లలు వాడారు, ఎక్కడ అతుకు వేయించారు, ఏ స్క్రూ పోయింది, రంగు ఎప్పుడు వేశారు. నాలుగు వాక్యాలు చాలు. మీరే ముందు చెబితే మీ వదిన తిప్పి చూడ్డానికి సిగ్గుపడదు. ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్మేవాళ్ళు బిడ్డ ఫొటో, ఇంటి నంబరు పెట్టకండి. డబ్బు పంపిస్తున్నాం, మీ పిన్ నంబరు కొట్టండి అని ఎవరైనా అంటే అది మోసం. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పోవడానికే కొట్టాలి.

పనికిరాదని మీకే తెలిసిన వస్తువుని మాత్రం అలాగే వీధిలో పెట్టకండి, పాత ఇనప సామాను వాడికి అలాగే ఇవ్వకండి. అతను కడిగి ఇంకో వీధిలో అమ్ముతాడు, తప్పు అతనిది కాదు. వాకరైతే చక్రాలు పీకి, సీటు గుడ్డ కత్తెరతో కోసి, ఉయ్యాలైతే కొక్కేలు వంచి, స్ప్రింగు విడిగా తీసి, అప్పుడు తూకానికి వెయ్యండి.