నీళ్లపై 500 ఎకరాల సోలార్.. గాలికి కొట్టుకుపోకుండా పట్టుకుంటున్నది ఏంటి?

రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్‌లో తేలుతున్న 100 మెగావాట్ల సోలార్ ప్లాంట్ 2022 జూలై 1 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తోంది. ఖర్చు రూ.423 కోట్లు. విస్తీర్ణం 500 ఎకరాలు. అంటే మొజంజాహీ మార్కెట్ చుట్టూ 800 మీటర్ల దూరంలో సున్నా గీస్తే వచ్చేంత జాగా. మరి గట్టి ఈదురుగాలి వస్తే ఇదంతా ఒడ్డుకు కొట్టుకురాదా?

రాకుండా ఆపేది లంగరు. 40 బ్లాకులు, ఒక్కో బ్లాకులో 11,200 ప్యానెళ్లు.. అన్నీ ప్లాస్టిక్ ఫ్లోటర్లపై ఉంటాయి. వాటిని హెచ్‌ఎంపీఈ అనే గట్టి తాళ్లతో రిజర్వాయర్ అడుగున దించిన బరువులకు కట్టారు.

ఇంతేనా అనుకోవద్దు. టన్ను కాంక్రీట్ దిమ్మెను నీళ్లలో ముంచితే 580 కిలోలే తూగుతుంది. పైగా గాలి ప్యానెళ్లను పక్కకు లాగుతుంది. దిమ్మె జారకుండా ఆపేది అడుగు నేలతో రాపిడి. బురద నేలైతే ఆ పట్టు ఇంకా తక్కువ. తాడు పొడవుతోనూ తంటానే. ఎండాకాలం నీళ్లు తగ్గితే తాడు వదులై ప్లాంట్ అటూఇటూ జరుగుతుంది. వానాకాలం రిజర్వాయర్ నిండితే బిగుసుకుంటుంది. రెండింటికీ సరిపోయేలా లెక్కేయాలి.

లెక్క తప్పితే ఏమవుతుందో 2019 సెప్టెంబర్‌లో జపాన్ చూసింది. చిబాలోని యమకురా డ్యామ్‌పై ఉన్న 13.7 మెగావాట్ల ప్లాంట్‌ను తుపాను తాకింది. కొన్ని లంగర్ల పట్టు తప్పగానే భారం మిగతా వాటిపై పడింది. ప్యానెళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కేశాయి. చివరికి మంటలూ లేచాయి!

సముద్రంలో అయితే అలల దెబ్బకు ఉత్త బరువు చాలదు, నేలను పట్టుకోవాలి. స్కాట్లాండ్ తీరంలో 2017లో మొదలైన హైవిండ్‌లో 5 తేలే గాలిమరలున్నాయి. ఒక్కోదానికి 3 సక్షన్ లంగర్లు. బోర్లించిన గ్లాసులాంటి పెద్ద ఉక్కు గొట్టాన్ని అడుగున దించి, లోపలి నీళ్లను పంపుతో తోడేస్తారు. బయటి నీటి ఒత్తిడే దాన్ని నేలలోకి నొక్కేస్తుంది. ఖాళీ గ్లాసును నోటికి ఆనించి గాలి పీలిస్తే అతుక్కుంటుంది కదా, దాదాపు అదే సూత్రం. కాకపోతే అడుగున రాయి ఉంటే ఇది దిగదు.

మన దగ్గర ఇంకో తేలే ప్లాంట్ విశాఖ దగ్గర సింహాద్రి ఎన్టీపీసీలో ఉంది. 25 మెగావాట్లు, 2021 ఆగస్టులో ప్రారంభం. ఇదీ రిజర్వాయర్‌లోనే ఉంది కానీ, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తీరం దాటింది ఈ విశాఖలోనే. అక్కడి లంగర్లకు అలల భయం లేకున్నా తుపాను గాలి భయం మాత్రం ఉంది.