తల్లిపాలు, జన్యువు, బిడ్డ మెదడు
కోనసీమలో పాలు బాగా పడతాయని బాలింతకు సొరచేపతో చేసే సొరపిట్టు పెట్టే ఆనవాయితీ ఉంది. పాల పరిమాణం మాట ఎలా ఉన్నా, తల్లి తినే చేపలను బట్టి ఆమె పాలలో డీహెచ్‌ఏ, అంటే మెదడు కణాల పొరలకు కావలసిన కొవ్వు ఆమ్లం, పెరుగుతుందన్నది నిజం. మొక్కల నూనెల్లోని కొవ్వుల నుంచి కూడా శరీరం దీన్ని కొద్దిగా తయారుచేసుకోగలదు, అందుకు తోడ్పడే ఎంజైముకు సంబంధించిన సమాచారం పదకొండో క్రోమోజోము మీది ఫ్యాడ్స్2 జన్యువులో ఉంటుంది. తల్లిపాలు తాగిన పిల్లల్లో కనిపించే తెలివితేటల ఆధిక్యం ఈ జన్యువు రూపభేదాన్ని బట్టి మారుతుందని న్యూజిలాండ్, బ్రిటన్ పిల్లలపై 2007లో వెలువడిన అధ్యయనం చెప్పినా, తర్వాతి పరిశోధనలన్నీ దానితో ఏకీభవించలేదు. చదువుకున్న, స్థితిమంతులైన తల్లులే ఎక్కువకాలం పాలిచ్చే దేశాల్లో పాల ప్రభావాన్ని ఇంటి వాతావరణం నుంచి విడదీయడం కష్టం. ఆ చిక్కును తప్పించేందుకు బెలారస్‌లో ఆసుపత్రులను చీటీ పద్ధతిలో విభజించి, సుమారు 17,000 మంది శిశువులతో చేసిన ప్రయోగంలో, తల్లిపాలను ప్రోత్సహించినచోట పుట్టిన పిల్లలు ఆరున్నరేళ్లకు భాషా సామర్థ్యంలో ముందున్నారు గానీ, పదహారేళ్లకు ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది.