ఇంగ్లీషు మాట అడగడంలో అపోహలు – వాస్తవాలు

కలకడ బడిలోనైనా, కుప్పం కాలేజీలోనైనా ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల ప్రశ్నలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి: ‘దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు సార్?’ జవాబు సరిగా కుదరకపోతే లోపం పిల్లల తెలివిలో లేదు, అడిగే తీరులో ఉంది.

అపోహ: తెలుగు మాట చెబితే చాలు, ఇంగ్లీషు మాట దొరుకుతుంది.

వాస్తవం: మదనపల్లె మార్కెట్‌కు టమోటా తోలే రైతు కూతురు ‘పండు’ అనే క్రియకు ఇంగ్లీషు అడిగిందనుకోండి. కాయ పండితే ‘రైపెన్’. రైతు పంట పండిస్తే ‘గ్రో’. ఎకరా ఇంత పండిందంటే ‘యీల్డ్’. మన వైపు అలసిపోయి పండుకున్న మనిషికైతే ‘లై డౌన్’. ఒట్టి మాట అడిగితే టీచరు వీటిలో ఏది చెప్పాలి? అదే పిల్ల ‘మా నాయన రెండెకరాల్లో టమోటా పండించినాడు అని రాయాల. గ్రూ అనాలా, రైపెన్డ్ అనాలా?’ అని అడిగితే చిక్కు లేదు. పంట పెట్టి పెంచింది నాయన కాబట్టి ‘గ్రూ’.

1919లో మదనపల్లె థియోసాఫికల్ కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ టాగోర్ అక్కడే జనగణమనను ఇంగ్లీషు చేశారు. దానికి పేరు ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’. జన, గణ, మన అనే మాటల్లో ఒక్కదానికీ సరిమాట ఆ పేరులో లేదు. మాటకు మాట పెట్టడం అనువాదం కాదని చూపడానికి మన మదనపల్లెలోనే ఇంత పెద్ద సాక్ష్యం ఉంది.

అపోహ: నిఘంటువు ఉంటే ఎవరినీ అడగనక్కర్లేదు.

వాస్తవం: కడపలో ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌన్ 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో ఒక్కో మాటకు పలు అర్థాలిచ్చారు. వాటిలో మన వాక్యానికి నప్పేదేదో తేల్చుకోవాల్సింది మనమే. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఎ.ఎస్.హార్న్‌బీ, తన సహచరులతో కలిసి 1942లో టోక్యోలో తెచ్చిన నిఘంటువులో ఏ క్రియను వాక్యంలో ఎలా కూర్చాలో కూడా చూపారు. నేర్చుకునేవాళ్లకు అర్థం ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. ఫోన్‌లో వెతికినా ఇంతే, ఒట్టి మాట ఇస్తే ఒట్టి మాటే వస్తుంది.

అపోహ: ప్రతి మాటా తప్పో, ఒప్పో అయి తీరాలి.

వాస్తవం: ‘సార్, ఐ హావ్ ఎ డౌట్’ అని మన తరగతుల్లో రోజూ వింటాం. భారతీయ ఇంగ్లీషులో ‘డౌట్’ అంటే అడగాల్సిన ప్రశ్న. లండన్ మనిషికి మాత్రం చెప్పినదాన్ని నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు. కాబట్టి ‘ఇది తప్పా?’ అన్నంతమాత్రాన సరిపోదు, ఎవరికి రాస్తున్నారో కూడా చెప్పాలి.

అపోహ: సందేహం తెలుగులో అడిగితే నామోషీ.

వాస్తవం: కానే కాదు. తెలుగులో తేటగా అడిగిన ప్రశ్న, తడబడే ఇంగ్లీషు ప్రశ్నకన్నా వెయ్యిరెట్లు నయం.

టీచర్లకు ఒక మనవి. పిల్లలు ఒట్టి మాట పట్టుకొచ్చినప్పుడు విసుక్కోకండి. ‘వాక్యమంతా చెప్పు, ఎవరితో అంటున్నావు, నువ్వు అనుకున్న మాట ఏది?’ అని అడగండి.