మ్యూజియాల్లో కాంట్రాక్టులు: పాఠం చెప్పేదెవరు?

వాట్‌గంజ్ (కోల్‌కతా): ఖిదిర్‌పూర్ డాక్‌ను ఆనుకొని ఉన్న ఈ పేటకు కల్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీకి చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన ఆయన 1780 ప్రాంతంలో, ప్రభుత్వమిచ్చిన స్థలంలో సొంత సొమ్ముతో డాక్ నిర్మాణానికి పూనుకొన్నాడు. స్థల వివాదం తలెత్తి పని మధ్యలోనే నిలిచిపోయింది. ఖిదిర్‌పూర్‌లో డాక్ ప్రారంభం కావడానికి 1892 వరకు ఆగవలసి వచ్చింది. ప్రభుత్వ ఆస్తిపై ప్రైవేటు వారికి ఎంతవరకు అధికారం ఇవ్వాలన్న నాటి చిక్కే, ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని మ్యూజియాలకు ఇటీవలి సంవత్సరాల్లో ఎదురవుతున్నది.

చౌరంగీలోని ఇండియన్ మ్యూజియం 1814లో ఏర్పడింది. స్థానికులు దీనిని 'జాదూఘర్' అంటారు. పల్లెల నుంచి నగరం చూడవచ్చే వారిలో చాలామందికి కాళీఘాట్, జంతుప్రదర్శనశాల తరువాతి మజిలీ ఇదే. బడి మొహం చూడని వారికి సైతం ఇది ఒక పాఠశాల వంటిదన్న మాట. ద్విశతాబ్ది ఉత్సవాల కోసం 2013లో మ్యూజియాన్ని మూసివేసి, పెద్దయెత్తున మరమ్మతులు చేపట్టారు. గడువు దగ్గరపడుతుండగా, ఆ సంవత్సరం డిసెంబరులో, అశోకుని కాలం నాటి రాంపూర్వా స్తంభపు సింహశీర్షం తరలింపులో దెబ్బతిన్నది. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దం నాటి ఈ శిల్పాన్ని నిపుణుల పర్యవేక్షణ లేకుండా కదిలించారన్న ఆరోపణలు వెలువడ్డాయి. 2014 ఫిబ్రవరిలో ఉత్సవాలు మాత్రం అనుకొన్న ప్రకారమే జరిగాయి. గోడలకు రంగులు వేయడం, రాతి సింహాన్ని కదిలించడం ఒకే కోవకు చెందిన పనులు కావని వేరే చెప్పనక్కరలేదు. కాని మరమ్మతుల జాబితాలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఇందుకు భిన్నమైనది డల్హౌసీ స్క్వేర్‌లోని పాత కరెన్సీ భవనం ఉదంతం. 1833లో నిర్మించిన ఈ భవనాన్ని 1996లో కూల్చివేయడం మొదలుపెట్టగా, వారసత్వ పరిరక్షకులు అడ్డుకొన్నారు. అనంతరం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ దానిని స్వాధీనం చేసుకొని పునరుద్ధరించింది. 2020 జనవరి 11న ప్రధాని నరేంద్ర మోదీ దానిని ప్రారంభించారు. ఢిల్లీకి చెందిన డీఏజీ అనే ప్రైవేటు ఆర్ట్ గ్యాలరీ అందులో 'ఘరే బాయిరే' పేరిట బెంగాల్ చిత్రకళా ప్రదర్శనను నెలకొల్పింది. పద్దెనిమిదవ శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం వరకు సాగిన బెంగాల్ కళను ఒకే కప్పు కింద చూపిన ఆ ప్రయత్నాన్ని కళాభిమానులు మెచ్చుకొన్నారు. కాని రెండేళ్లయినా తిరగకముందే, 2021 నవంబరులో, ప్రదర్శన మూతపడింది. అందులోనూ కొన్ని మాసాలు కరోనా పాలయ్యాయి. భవనం ప్రభుత్వానిది, ప్రదర్శన నిర్వహణ ప్రైవేటు సంస్థది. ఏర్పాటు ముగియగానే ప్రదర్శన ఎత్తివేయడమైంది. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లాలనుకొన్న ఉపాధ్యాయులకు మిగిలింది భవనమే. ఈ ఉదంతంలో నాణ్యతకు లోటు రాలేదు. లోపించినది కొనసాగింపు.

తెలుగువారికి ఈ వివాదం కొత్తది కాదు. 2017లో కేంద్రం ప్రారంభించిన వారసత్వ దత్తత పథకం కింద 2018లో దాల్మియా భారత్ సంస్థ ఢిల్లీలోని ఎర్రకోటతోపాటు కడప జిల్లాలోని గండికోట బాధ్యతనూ స్వీకరించింది. ఐదేళ్లలో 25 కోట్ల రూపాయలు వెచ్చించడానికి అంగీకారం కుదిరినట్లు అప్పట్లో ప్రకటించారు. మంచినీరు, మరుగుదొడ్లు, దారి సూచికల వంటి సదుపాయాలకే ఒప్పందం పరిమితమని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అయితే కట్టడం కథను సందర్శకులకు వివరించే పని కూడా కంపెనీ చేతికి పోరాదని చరిత్రకారులు అభ్యంతరం తెలిపారు. మరుగుదొడ్డి ఎవరు కట్టించినా ఒకటే. గండికోట చరిత్రను బోర్డు మీద ఎవరు రాస్తారన్నది మాత్రం చిన్న విషయం కాదు.

ప్రైవేటు భాగస్వామ్యాన్ని అసలే వద్దనడం కూడా ఆచరణసాధ్యం కాదు. భద్రత, పారిశుద్ధ్యం, టికెట్ల విక్రయం వంటి పనులకు టెండర్లు పిలవడం మామూలే. మ్యూజియాల్లో సిబ్బంది ఖాళీలను పార్లమెంటరీ సంఘాలు పలుమార్లు ఎత్తిచూపాయి. వస్తువుల గురించి తెలిసిన క్యూరేటర్ పదవీ విరమణ చేసి, ఆ స్థానం భర్తీ కానప్పుడు, కాంట్రాక్టరు తప్పు చేస్తున్నాడని చెప్పగలవారే కరవవుతారు. ఒప్పందపత్రం ఎంత పకడ్బందీగా రాసుకొన్నా ఈ లోటు తీరదు.

ఈ విషయంలో కోల్‌కతాలోనే మరో దారి కూడా కనిపిస్తుంది. గురుసదయ్ రోడ్డులో బిర్లాలు దానమిచ్చిన భవనంలో 1959లో ఆరంభమైన పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం, 1965లోనే సంచార ప్రదర్శన ద్వారా విజ్ఞానశాస్త్రాన్ని పల్లెబడులకు చేర్చింది. దాత పేరు ద్వారం మీద ఉన్నా, నిర్వహణ ప్రభుత్వ సంస్థదే. 1978లో ఏర్పడిన జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి దానికి మాతృసంస్థ. 1997లో ప్రారంభమైన సైన్స్ సిటీలో మండలి సభామందిరాలను అద్దెకిచ్చి ఆదాయం గడిస్తున్నది. అంతేకాదు, ఇతర సంస్థలకు, రాష్ట్ర ప్రభుత్వాలకు సైన్స్ కేంద్రాలు నిర్మించి ఇచ్చే పనిని తానే కాంట్రాక్టు వంటి పద్ధతిలో చేపడుతున్నది. ప్రదర్శన పరికరాల రూపకల్పనకు సొంత నిపుణులు, తయారీకి సొంత వర్క్‌షాపులు ఉన్నాయి. 1993లో తిరుపతిలో వెలసిన ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం కూడా ఈ మండలిదే.