కొండదారిలో ప్రత్తి, ఉన్ని, పట్టు

1964వ సంవత్సరం మార్చి 14, 15 తేదీలలో ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండలలో స్కౌట్ల నడకపోటీ ఒకటి జరిగింది. దారిలో తగిలే నాలుగు సత్రాలనుబట్టి దానికి 'నాలుగు సత్రాల నడక' అని పేరు. దారి పొడవు 70 కిలోమీటర్ల పైచిలుకు. పాల్గొన్నవారు యువకులు, ఆరోగ్యవంతులు, నడకకు అలవాటుపడినవారు. ఆ కొండలు హిమాలయాల వంటివి కావు. వాటిలో ఎత్తయిన శిఖరమే 636 మీటర్లు, అంటే మన అరకులోయ అడుగుకన్న తక్కువ. ఆనాడు ఆ కొండలమీద చలితోపాటు గాలి, వాన కలిసి వచ్చినవి. ముగ్గురు యువకులు మరణించారు. వారెవరూ జారిపడలేదు, మంచుచరియలు వారిమీద విరిగిపడలేదు. శరీరంలోని వేడి హరించుకుపోయి మరణించారు.

1953నాటి ఎవరెస్టు యాత్రలో పాల్గొన్న శరీరధర్మ శాస్త్రజ్ఞుడు గ్రిఫిత్ ప్యూ ఈ మరణాలను పరిశీలించి, ఆ ఏడే 'లాన్సెట్' అనే వైద్యపత్రికలో తన పరిశీలనను ప్రకటించాడు. తరువాత అట్టి దుస్తులను తడిపి, గాలి వీచేట్లు చేసి, అవి చలినుండి ఎంత కాపాడగలవో కొలిచి చూచాడు. పొడిగా ఉన్నప్పుడు చలికి చాలిన బట్టలే, తడిసి గాలికి ఎదురైనప్పుడు తమ శక్తిలో అధికభాగం కోల్పోయినవి.

ఇది పాతకథ కాదు. 2021 మే 22న చైనాలోని గాన్సూ రాష్ట్రంలో కొండదారిన 100 కిలోమీటర్ల పరుగుపందెం జరిగింది. 172 మంది పాల్గొన్నారు. మధ్యాహ్నానికి వడగండ్లు, చలివాన, పెనుగాలి ముంచుకువచ్చినవి. పలుచని చొక్కాలు, పొట్టిలాగులు తొడుక్కుని పరుగెత్తుతున్నవారిలో 21 మంది చనిపోయారు. వారిలో పేరుపొందిన క్రీడాకారులు కూడ ఉన్నారు.

2014 మే 25న తెలంగాణ బాలిక మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కిన తరువాత కొండలెక్కాలన్న ఉత్సాహం మన విద్యార్థులలో పెరిగింది. అయితే మైదానంలో పుట్టి పెరిగినవారు ఏ బట్టలతో బడికి వెళతారో వాటినే మూటగట్టుకుని హిమాలయాలకు బయలుదేరడం కద్దు. నూలు బనియను, నూలు చొక్కా, కిందికి జీన్సు పంట్లాం, పైన ఒక స్వెట్టరు. వాన రానంతవరకు ఇవి చాలును. చిక్కు అంతా తడిలోనే ఉన్నది.

బట్ట వేడిని ఇవ్వదు; ఉన్న వేడిని పోనివ్వకుండ ఆపుతుంది. ఆ ఆపేదికూడ నిజానికి బట్ట కాదు, దాని పోగులమధ్య చిక్కుకొని కదలలేని గాలి. కదలని గాలి మంచి ఉష్ణబంధకం. నీటి ఉష్ణవాహకత దానికి సుమారు 24 రెట్లు. బట్ట తడిసినదంటే గాలి ఉండవలసిన చోట నీరు వచ్చి కూర్చున్నదని అర్థం. వెచ్చని గోడ ఉన్నచోట కిటికీ తెరిచినట్లే.

రెండవ నష్టం ఇంకా పెద్దది. తడిబట్ట ఆరాలంటే నీరు ఆవిరి కావాలి. చర్మపు ఉష్ణోగ్రతలో ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలొరీల గుప్తోష్ణం కావాలి. దళసరి జీన్సు పంట్లాము అర లీటరు నీటిని సులభంగా పట్టుకొంటుంది. ఆ 500 గ్రాములూ ఆరడానికి 290 కిలోకెలొరీలు కావాలి. కూర్చొని విశ్రాంతి తీసుకొనే మనిషి శరీరం గంటకు సుమారు 70 కిలోకెలొరీల వేడిని పుట్టిస్తుంది. అంటే ఒక్క పంట్లాము ఆరడానికి నాలుగు గంటల శరీరోష్ణం ఖర్చు. మరొక విధంగా లెక్కకడితే, 60 కిలోల బరువుగల మనిషి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గడానికి సుమారు 50 కిలోకెలొరీలు పోతే చాలు. ఆవిరికి కావలసిన వేడిలో కొంత చుట్టూ ఉన్న గాలినుండి కూడ వస్తుంది. కనుక పై లెక్క అంతా శరీరంమీదనే పడదు. అయినా పరిమాణం ఎంతటిదో దీనివలన తెలుస్తుంది. వేసవిలో కుండనీటిని, లారీల ముందు వేలాడగట్టే కాన్వాసు సంచిలోని నీటిని చల్లబరచే సూత్రమే ఇక్కడ మనిషిని చల్లబరుస్తున్నది.

శరీరాంతర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెంటీగ్రేడునుండి 35కు దిగువగా పోతే దానిని వైద్యులు హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు, తరువాత తడబడే నడక, ముద్దమాట, మతి స్థిమితం తప్పడం. ఇందులో మోసం ఏమంటే, ఈ దశలో ఉన్నవాడు "నాకేమీ లేదు, పదండి" అనే అంటాడు. కనిపెట్టవలసినది తోడివారే.

ఇక ప్రత్తికీ ఉన్నికీ భేదం ఎక్కడ వచ్చింది? ప్రత్తిపోగు సెల్యులోజు. దాని అణువుపొడవునా హైడ్రాక్సిల్ సమూహాలుంటవి. వీటికి నీటి అణువులంటే ఆకర్షణ. చేలో అప్పుడే విచ్చిన కాయలోని దూదిని నీటిలో వేస్తే తేలుతుంది, ఆస్పత్రి దూది మునుగుతుంది. రెండూ ప్రత్తే. పచ్చిదూదిమీద సహజమైన మైనపుపొర ఉన్నది. శుభ్రపరచేటప్పుడు అది పోతుంది. మనం కట్టే నూలుబట్టకు కూడ ఆ పొర ఉండదు. కనుక నీరు పోగుపోగుకూ పాకుతుంది. పోగులు మెత్తబడి ఒకదానినొకటి అంటుకొంటవి, బట్ట చర్మానికి అతుక్కుంటుంది. మధ్యలో గాలికి చోటు లేదు. తడిసినంతమాత్రాన ప్రత్తిపోగు బలహీనం కాదు, ఇంకా బలపడుతుంది కూడాను. చాకిరేవు బండకు అది తట్టుకొనేది అందుకే. కాని కొండమీద కావలసిన గుణం అది కాదు.

ఉన్ని కెరటిన్ అనే ప్రోటీను. మన వెంట్రుక, గోరు కూడ అదే జాతి. ఉన్నిపోగు నిర్మాణం కొంత విచిత్రమైనది. పైన చేపపొలుసులవంటి పొలుసులు. వాటిమీద కొవ్వు అణువుల పలుచని పొర. ఈ పొర నీటిబొట్టును జారవిడుస్తుంది. నీటిఆవిరిని మాత్రం లోపలికి పోనిస్తుంది. లోపలి ప్రోటీను ఆ ఆవిరిని ఆసక్తితో పీల్చుకొంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు ఉన్ని తన పొడిబరువులో సుమారు 16 శాతం తేమను తీసుకొంటుంది; పట్టు 10 లేక 11, ప్రత్తి 7 లేక 8, పాలియెస్టరు అర శాతం కూడ లేదు. తేమ నిండిన గాలిలో ఉన్ని 30 శాతం దాటి తీసుకొనికూడ చేతికి తడి అనిపించదు. నీరు పోగు కడుపులో ఉన్నది, ఒంటిమీద లేదు.

మరొక సంగతి. పోగు లోపల రెండు రకాల కణాలు రెండు ప్రక్కలుగా పేర్చబడి ఉంటవి. రెండింటి స్వభావం ఒకటి కానందున పోగు వంకరలు తిరుగుతుంది. ఈ వంకరలు స్ప్రింగులవలె ఒకదానినొకటి ఎడంగా ఉంచుతవి. తడిసినప్పుడు కూడ అవి పూర్తిగా అణగవు కనుక గాలి కొంత మిగులుతుంది. తడిసిన ఉన్ని పొడిఉన్ని అంత వెచ్చనిదని కాదు. తడిసిన ప్రత్తికన్న ఎంతో మేలు అని.

ఉన్ని తేమను పీల్చుకొనేటప్పుడు వేడి పుట్టడం కూడ నిజమే. పూర్తిగా ఎండిన కిలో ఉన్ని తడిసేటప్పుడు సుమారు 27 కిలోకెలొరీలు వెలువడతవి. ఉన్నిబట్టలు అమ్మేవారు దీనిని గొప్పగా చెపుతారు. కాని అరకిలో స్వెట్టరుకు వచ్చేది 14 కిలోకెలొరీలకు మించదు. అదికూడ కొలిమిలో ఎండబెట్టినంత పొడిగా ఉంటేనే. వెచ్చని డేరానుండి తడిగాలిలోకి వచ్చిన మొదటి కొద్ది నిమిషాలలో చలి ఒక్కసారిగా తాకకుండ ఇది ఉపకరిస్తుంది. అంతకుమించి ఆశించరాదు. పైగా తడిసిన ఉన్ని బరువెక్కుతుంది, నిదానంగా ఆరుతుంది.

ఈ సంగతి తెలంగాణ గొర్రెలకాపరికి పుస్తకం చదవకుండానే తెలుసు. వానలో అతని గొడుగు, రాత్రి అతని పడక నల్ల గొంగడి. దక్కనీజాతి గొర్రెల ఉన్నితో దానిని కురుమలు నేస్తారు. నేతకు ముందు పడుగును చింతగింజల గంజితో గట్టిపరుస్తారు. బొట్లు గొంగడిమీదినుండి జారిపోతవి. కోస్తాలోని నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, ఉన్నది పొట్టివెంట్రుకే. కనుక ఆ జాతినుండి కంబళి రాదు. హిమాచలంలో గద్దీ కాపరులు తొడిగే చోళా కూడ ఉన్నిదే. నడుముకు ఎన్నో చుట్లు తిప్పి కట్టే డోరా అనే త్రాడు సైతం ఉన్నితోనే పేనుతారు.

మరి గొంగడినే చొక్కాగా కుట్టించుకోరాదా? గుచ్చుకుంటుంది. మిల్లీమీటరులో వెయ్యవవంతు మైక్రాను. 30 మైక్రానులకు మించి లావైన పోగు కొస చర్మాన్ని తాకినప్పుడు వంగక గుచ్చుతుంది. దక్కనీ ఉన్ని ఈ రకం. మెరినో గొర్రె ఉన్ని 24 మైక్రానులకు లోపే, మేలురకం 17 లేక 18. అది ఒంటికి ఆని ఉన్నా బాధ లేదు. లడఖు మేకల పష్మీనా ఇంకా సన్నం. కాని దాని ధరనుబట్టి చూచినా, నాజూకునుబట్టి చూచినా, మూటల రాపిడికి తగినది కాదు. లోపలికి పలుచని మెరినో బనియను, మేజోళ్లు, పైకి ముతకఉన్ని స్వెట్టరు లేక కంబళి అనే క్రమం ఇందువల్లనే వచ్చింది.

అంగడిలో 'ఉన్ని' అని అమ్మే స్వెట్టర్లలో అనేకం అక్రిలిక్ నూలుతో అల్లినవి. ఉపాధ్యాయుని సమక్షంలో ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టి, మంటకు చూపితే తేలిపోతుంది. ఉన్ని వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, వేళ్లమధ్య నలిగే నల్లని బూడిద అవుతుంది. ప్రత్తి కాగితంవలె కాలుతుంది. కృత్రిమపు పోగు కరిగి గట్టిపూస అవుతుంది.

ఈ పరీక్షకు విడిదిలోని చలిమంటతో కూడ సంబంధం ఉన్నది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఉన్ని మండుతూ ఉండడానికి సుమారు 25 శాతం కావాలి; అందుచేత నిప్పురవ్వ పడినచోట కమిలి ఆరిపోతుంది. ప్రత్తికి 18 శాతం చాలు, అది అంటుకొని సాగుతుంది. నైలాను, పాలియెస్టరు కరిగి చర్మానికి అంటుకొంటవి. ఆ పుండు చెడ్డది. మంటవద్ద కూర్చునేవారు పైన ఉన్ని కప్పుకోవడం మంచిది.

పట్టుకు కొండదారిలో చిన్నపాత్రే. తేలిక, నునుపు. రెండు ఉన్నిబట్టలమధ్య పట్టుచొక్కా ఉంటే ఒకదానిమీద ఒకటి జారి కదలిక సులువవుతుంది. 1924 జూన్‌లో ఎవరెస్టుమీద కనుమరుగైన జార్జి మాలరీ దేహం 1999 మే 1న దొరికినప్పుడు ఆయన ఒంటిమీద పట్టు, నూలు, ఉన్ని పొరలు, వాటిపైన గాబర్డీను ఉన్నవి. ఆ దుస్తులకు ప్రతులు తయారుచేసి 2006లో ఎవరెస్టుమీద తొడిగి చూచారు. కదులుతున్నంతసేపు అవి వెచ్చగానే ఉన్నవి. ఆ ఎత్తున ఆరుబయట రాత్రి గడపడానికి చాలవని తేలింది.

గాబర్డీను పేరు రావడంతో ప్రత్తికి మళ్లీ చోటు వచ్చింది. 1879లో థామస్ బర్బెరీ కనిపెట్టిన ఈ చిక్కని నేతబట్ట గాలిని ఆపుతుంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో మాంచెస్టరులోని షిర్లీ పరిశోధనాలయంవారు పొడవుపింజ ప్రత్తితో వెంటైల్ అనే బట్టను తయారుచేశారు. చలిసముద్రంలో పడిన వైమానికులకోసం అది. పొడిగా ఉన్నప్పుడు రంధ్రాలగుండా చెమటఆవిరి పోతుంది. తడి తగలగానే పోగులు ఉబ్బి రంధ్రాలు మూసుకొంటవి. ప్రత్తికి నీటిమీద ఉన్న ఆసక్తి లోపం కాకుండ గుణమైన చోటు ఇది. అయినా ఎడతెగని వానకు సామాన్య విద్యార్థికి ఒక ప్లాస్టిక్ వానకోటే గతి. సహజపుపోగు అన్నంతమాత్రాన ప్రతిచోటా అదే ఉత్తమమని పట్టుబట్టనక్కరలేదు.

ఎండాకాలంలో నల్లమలలోనో పాపికొండలలోనో నడిచేవారికి లెక్క తలక్రిందవుతుంది. అక్కడ పోగొట్టుకోవలసినది వేడి. తడిసి, ఆరి, చల్లబరచే వదులైన నూలుచొక్కాను మించినది లేదు. రాత్రి మంచు కురిసే విడిదికి మాత్రం పొడిగా దాచిన కంబళి ఒకటి ఉండవలె.

పాఠశాలలో దీనిని పరీక్షించడం కష్టం కాదు. ఒకే కొలత గల మూడు సీసాలలో 60 డిగ్రీల వేడినీరు సమానంగా పోసి, బిరడాలగుండా ఉష్ణమాపకాలు దించాలి. ఒకదానికి తడినూలుబట్ట, ఒకదానికి అంతే బరువుగల తడిఉన్ని చుట్టి, మూడవదానిని ఊరక వదిలి, పంకా ఎదుట సమానదూరంలో పెట్టాలి. రెండు బట్టలనూ తడపడానికి ముందు తూచాలి, పిండిన తరువాత మళ్లీ తూచాలి. ఏది ఎంత నీరు పట్టుకొన్నదో తెలియనిదే ఫలితానికి అర్థం ఉండదు. అయిదేసి నిమిషాలకు ఒకసారి చొప్పున ఒక గంటసేపు రీడింగులు తీసుకొని గ్రాఫు గీయాలి. తడినూలు చుట్టిన సీసా రేఖను ఏమీ చుట్టని సీసా రేఖతో పోల్చి చూడమని విద్యార్థులను అడగవచ్చు.