యంత్రం పక్కనున్నా ఎత్తు మనిషిదే

వరంగల్‌లో పుట్టిన చదరంగం ఆటగాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2801 రేటింగ్ అందుకున్నాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అతనే. బల్ల దగ్గర కూర్చున్నాక అర్జున్‌కైనా ఎత్తులు లెక్కించే కంప్యూటర్ ఇంజిన్ సాయం నిషిద్ధం. జేబులో ఫోన్ కూడా ఉండకూడదు.

ఉత్తరాల చదరంగం తీరే వేరు. పూర్వం పోస్టుకార్డు మీద ఎత్తును 5254 అని రాసి పంపేవారు. అయిదో నిలువు వరుసలోని బంటు రెండో గడి నుంచి నాలుగో గడికి కదిలిందన్నమాట. భాష రాకపోయినా ఏ దేశపు ఆటగాడికైనా అర్థమయ్యేది. ఎంత చక్కటి ఏర్పాటు!

ఇప్పుడు ఎత్తులు ఎక్కువగా సర్వర్ మీదే నడుస్తాయి. ఉత్తరాల చదరంగం అంతర్జాతీయ సమాఖ్య ఐసీసీఎఫ్ ఇంజిన్లను అనుమతిస్తుంది. ఇద్దరి చేతుల్లోనూ బలమైన యంత్రాలే కాబట్టి పెద్ద పోటీల్లో అత్యధిక ఆటలు డ్రా అవుతున్నాయి. అయినా అమెరికా ఆటగాడు జాన్ ఎడ్వర్డ్స్ ఉత్తరాల చదరంగం 32వ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో టైటిల్ గెలిచాడు. ఇంజిన్ ‘సమానం’ అని తేల్చేసిన స్థితిలోనూ ఏ దారిని రోజుల తరబడి తవ్వాలో, ప్రత్యర్థిని ఎక్కడ ఇబ్బంది పెట్టాలో నిర్ణయించేది మనిషే.

చదరంగం నేర్చుకునే పిల్లలూ, ఓడిన ఆటను ముందు మీ బుర్రతో పరిశీలించండి. ఇంజిన్‌ను ఆ తర్వాతే తెరవండి.