ఐదడుగుల తొమ్మిదంగుళాల స్టాపర్

మా అన్నోజిగూడ హాస్టల్ వెనక ఖాళీ జాగాలో టీమ్ సెలెక్షన్ జరిగిన రోజు ఒక సీనియర్ అన్న నన్ను కింది నుంచి పై దాకా చూసి, "నువ్వు వింగ్ ఆడు రా, స్టాపర్‌కి హైట్ సరిపోదు" అన్నాడు. ఆ రాత్రి రూమ్‌లో కూర్చుని లిసాండ్రో మార్టినెజ్ పాత మ్యాచ్‌లన్నీ తిరగేశాను.

మార్టినెజ్ అర్జెంటీనావాడు, ఎత్తు 175 సెంటీమీటర్లు. 2022లో అజాక్స్ నుంచి మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చాడు. ఇంగ్లండ్‌లో సెంటర్ బ్యాక్ అంటే ఆరడుగులు దాటాల్సిందే అన్న లెక్క. ఆగస్టు 13న బ్రెంట్‌ఫర్డ్ మీద ఫస్టాఫ్‌లోనే నాలుగు గోల్స్ పడ్డాయి, ఇతన్ని హాఫ్‌టైమ్‌లో తీసేశారు. మాజీ డిఫెండర్ జేమీ కారగర్ టీవీలో ఈ ఎత్తుతో ఇక్కడ కుదరదని తేల్చేశాడు. తొమ్మిది రోజుల తర్వాత లివర్‌పూల్‌తో మ్యాచ్‌లో మళ్లీ దింపారు, యునైటెడ్ 2-1తో గెలిచింది. తర్వాత కారగరే తన అంచనా తప్పని ఒప్పుకున్నాడు.

మరి ఎలా ఆడతాడు? గాల్లో బంతి కోసం పొడుగువాడితో సమంగా ఎగిరితే పొట్టివాడు ఓడిపోతాడు, అందులో డౌట్ లేదు. అందుకే సమంగా ఎగరనివ్వకూడదు. బంతి ఇంకా గాల్లో ఉండగానే వెళ్లి స్ట్రైకర్ ఒంటికి ఆనుకుని నిలబడాలి. అప్పుడు వాడికి రెండడుగులు పరిగెత్తి ఎగిరే చోటు దొరకదు. ఉన్నచోటి నుంచే ఎగరాల్సి వస్తే ఆరడుగుల రెండంగుళాలవాడి లాభం చాలావరకు పోతుంది. ఇంకో సంగతి, కిందికి పాస్ వస్తుంటే స్ట్రైకర్ వెనకాల ఆగకుండా ముందుకొచ్చి కొట్టెయ్యడం. వాడు ఎటు తిరుగుతాడో, ఏ కాలు వాడతాడో ముందే తెలిస్తేనే ఇది కుదురుతుంది. తెలియకుండా దూకితే వెనక మొత్తం ఖాళీ! పైగా సెంటర్ ఆఫ్ మాస్ కిందుంటే చప్పున మళ్లడం తేలిక. మెకానిక్స్‌లో సప్లీ ఉన్న నాకూ ఈ ముక్క అర్థమైంది.

2022 వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియాతో మ్యాచ్ చూడండి. స్కోరు 2-1, ఆట చివరి పది నిమిషాలు. బెహిచ్ వరసగా అర్జెంటీనావాళ్లని దాటుకుంటూ పెనాల్టీ బాక్స్‌లోకి వచ్చేశాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన మార్టినెజ్ కాళ్ల మాయ చూడకుండా, షాట్ వెళ్లే దారికి అడ్డంగా జారాడు. గోల్ తప్పింది. 2024 కోపా అమెరికా క్వార్టర్ ఫైనల్లో ఈక్వడార్ మీద గోల్ కూడా కొట్టాడు, అదీ తలతోనే.

ఇదంతా మన ఊరికి కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో కుర్రాళ్లకి బలహీనమైన కాలితోనే ఆడాలనే షరతుతో టోర్నీలు పెట్టేవాడు. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. లేనిదాని గురించి ఏడవకుండా, లోపాన్నే ప్రాక్టీస్ చేయించాడన్నమాట.

ఒకటి మాత్రం దాచను. ఇలా ఒళ్లు అడ్డం పెట్టి ఆడితే దెబ్బలూ తగులుతాయి. 2023లో మార్టినెజ్ పాదం ఎముక విరిగింది, 2025 ఫిబ్రవరిలో మోకాలి లిగమెంట్ తెగింది.

నేనింకా వింగ్‌లోనే ఆడుతున్నా. కానీ శనివారం ప్రాక్టీస్‌లో కార్నర్ పడ్డప్పుడల్లా మా ఆరడుగుల స్ట్రైకర్‌కి ఆనుకునే నిలబడుతున్నా. వాడికి మహా చిరాగ్గా ఉంది.